ఉంగరపు వేలికి కట్టిన రాయి

జయరావు మాస్టారి నోటి వెంట అబద్ధం రాదని ఊళ్ళో అందరూ అనుకునేవారు. ఆ మాట నిజమే. ఆయన ఫెబాకి కూడా అబద్ధం చెప్పలేదు. ఉన్నదాంట్లో సగం చెప్పి నోరు మూసుకున్నాడు, అంతే. ఆ పిల్ల బతుకు మట్టిగొట్టుకుపోవడానికి ఆ సగం చాలింది.

దర్శి నుంచి ఒంగోలు వచ్చే రోడ్డు పక్కన, మిరపచేల నడుమ, మిషను దొరలు కట్టించిన రాతి గుడి ఒకటుంది. దొరలు వెళ్ళిపోతూ అందులో ఒక పియానో వదిలేసి పోయారు. ఓడలో మద్రాసు దాకా, రైల్లో ఒంగోలు దాకా, అక్కణ్ణించి రెండెడ్ల బండి మీద ఊళ్ళోకి వచ్చిన పియానో అది. ఇరవై నాలుగో ఏట జయరావు మాస్టారు దాని ముందు బల్ల మీద కూర్చున్నాడు. డెబ్భై రెండో ఏడు వచ్చినా లేవలేదు. ఎలుకలు దూరకుండా అందులో కలరా ఉండలు వేసేవాడు, వానాకాలం తీగలు తుప్పుపట్టకుండా లోపల చిన్న బల్బు వెలిగించి పెట్టేవాడు. కన్నబిడ్డకైనా అంత చాకిరీ ఎవరూ చెయ్యరు. అసలాయనకి బిడ్డలే లేరు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. బడి నుంచి ఏనాడో రిటైరయ్యాడు. ఆదివారం ఆ బల్ల మీద కూర్చున్న రెండు గంటలే ఆయన మాస్టారు. మిగతా ఆరు రోజులూ వీధిలో నడిచిపోయే ఒక ముసలాయన.

అలాంటి మనిషి దగ్గరికి, సంఘం సెక్రటరీ ప్రసన్నకుమార్ క్రిస్మస్ అయిన వారానికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, మీరు కోప్పడకూడదు. మొన్న క్రిస్మస్ ఆరాధనలో మీ చేతులు రెండు చోట్ల తడబడ్డాయండీ."

"రెండు చోట్లే గదా! పాస్టరుగారి ప్రసంగం నాలుగు చోట్ల తడబడింది. ఆయన్ని కూడా మారుస్తారా?"

ప్రసన్నకుమార్ నవ్వాడు గానీ కదల్లేదు. "కోతపండగనాడు మీరూ ఫెబా ఇద్దరూ వాయించండి. సంఘం విని తేల్చుకుంటుంది. ఆ అమ్మాయికే బల్ల ఇస్తే, మిషను బళ్ళో సంగీతం టీచరు పని కూడా ఇస్తామంటున్నారు కరస్పాండెంటుగారు. మీ శిష్యురాలే గదండీ. పేరు మీకే గదా!"

"నాకే, నాకే," అన్నాడు మాస్టారు. ప్రసన్నకుమార్‌ని గుమ్మం దాకా సాగనంపలేదు మాత్రం.

ఫెబా ఎవరో చెప్పాలి. యేసుపాదం, రెబ్కాల ఒక్కగానొక్క కూతురు. యేసుపాదం అంకమ్మరావుగారి దొడ్లో ఒంగోలు గిత్తల్ని సాకుతాడు. బండ లాగుడు పందేలకి గిత్తల్ని తయారు చెయ్యాలంటే ఆ చుట్టుపక్కల యేసుపాదం తర్వాతే ఎవరైనా. రెబ్కా మిరపకాయల యార్డులో దబ్బనంతో గోతాలు కుడుతుంది. ఫెబా కూడా చదువుకుంటూనే సీజన్లో అక్కడ కూర్చుని కాయలకి తొడిమలు తీసేది. తొమ్మిదో ఏట మాస్టారి దగ్గర చేరింది. ఇంట్లో పియానో ఎక్కణ్ణించి వస్తుంది? యేసుపాదం ఒక పాత తలుపు చెక్క తెచ్చి, మాస్టారి దగ్గర కొలతలు తీసుకుని, దాని మీద సున్నంతో తెల్లమెట్లూ బొగ్గుతో నల్లమెట్లూ గీసిచ్చాడు. చప్పుడు రాని ఆ చెక్క మీద పదేళ్ళు సాధన చేసింది పిల్ల. పంతొమ్మిదో ఏడు వచ్చేసరికి ఆమె వాయిస్తుంటే గుడి బయట చెప్పులు విప్పుకునే వాళ్ళు అలాగే నిలబడిపోయేవారు. మాస్టారు వాయించేటప్పుడు మాత్రం చెప్పులు విప్పుకుని, చుట్టుపక్కల వాళ్ళ కబుర్లు కూడా చెప్పుకుని లోపలికొచ్చేవారు. ఆ తేడా మాస్టారికి అందరికంటే ముందే తెలిసింది.

ఆ పిల్ల చేతిలో ఒకే ఒక్క లోపం. కుడిచేతి ఉంగరపు వేలు పక్క వేళ్ళతో సమానంగా లేవదు. నిజానికి అది అందరి చేతుల్లోనూ ఉండే బలహీనతే. ఓపిగ్గా రెండేళ్ళు సాధన చేస్తే సర్దుకుంటుంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు.

జనవరి మొదట్లో ఒక సాయంత్రం పాఠం మధ్యలో ఫెబా చేతులు ఆపేసింది.

"మాస్టారూ, పండక్కి ఇంకా రెండు నెలలే ఉంది. ఈ వేలొక్కటీ మాట వినట్లా. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. "షూమన్ అని జర్మనీలో ఒకాయన ఉండేవాడు," అన్నాడు.

షూమన్ కథ మాస్టారు ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలకి చెప్పేవాడు. పియానో మీద ప్రాణం పెట్టుకున్న కుర్రాడనీ, వేలు త్వరగా బలపడాలని దానికేదో కట్టి, పట్టీవేసి సాధన చేశాడని చెప్పుకుంటారనీ, ఆ తొందరే చేతిని చెడగొట్టిందనీ, ఇక జన్మలో కచేరీ చెయ్యలేకపోయాడనీ చెప్పి, "కాబట్టి తొందరపడకండర్రా, తలా ఒక చెంప వాయగొడతా," అని ముగించేవాడు. ఫెబా చేరిన ఏడు ఆయన భార్య మంచాన పడింది. చాలా పాఠాలు సగం సగం జరిగాయి. ఈ కథ ఆ పిల్ల చెవిన పడలేదు.

ఈసారి మాస్టారు చాలా బాగా చెప్పాడు. ఆ కుర్రాడికి కూడా సరిగ్గా ఇదే చేతిలో వేలు మొరాయించిందని చెప్పాడు. వేలిని పైకి లాగి కట్టి, మిగతా వేళ్ళతో గంటలు గంటలు వాయించేవాడని చెప్పాడు. తర్వాత ఎంత పేరొచ్చిందో, రెండు వందల ఏళ్ళు గడుస్తున్నా ఎన్ని దేశాల్లో పసిపిల్లలు ఆయన బాణీలతోనే వేళ్ళు తిప్పడం నేర్చుకుంటున్నారో, ఆయన తర్వాత వచ్చిన మహా మహా వాళ్ళు ఆయన్ని ఎలా కొలిచారో చెప్పాడు. అన్నీ నిజాలే. మధ్యలో చెయ్యి పడిపోయిన ముక్క ఒక్కటే వదిలేశాడు.

ఫెబా కళ్ళు మెరిశాయి. ఈ రోజుల్లో ఏ కథైనా ఫోన్లో వెతికి సరిచూసుకుంటారు గదా అంటే, వాళ్ళింట్లో ఉన్నది నొక్కుడు ఫోను. పైగా మాస్టారు చెప్పిన దాన్ని ఇంకొకరిని అడగడం ఆ పిల్లకి తెలియని పని.

రెండో రోజు పొద్దున్నే యేసుపాదం వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వందనాలు మాస్టారూ. అమ్మాయి చెప్పింది. ఆ దొర వేలికి ఎంత బరువు కట్టాడండీ?"

మాస్టారు చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. 'ఒరేయ్ యేసుపాదం, వద్దురా, ఆ కథలో ఇంకో సగం ఉంది,' అంటే సరిపోయేది. ఆయన కాఫీ ఊదుకున్నాడు.

"బరువెంతో పుస్తకాల్లో రాయలేదురా. అయినా నన్నడుగుతావేంది? గిత్తల్ని తయారు చేసేవాడివి నువ్వు."

యేసుపాదం ముఖం వెలిగిపోయింది. "అదేనండీ నేనూ అనుకుంది! దూడకి మొదట చిన్న బండ కడతాం. రోజూ కాస్త పెంచుతాం. మొదట్లో మోకాళ్ళ మీద పడిద్ది, నురగ కక్కిద్ది. జాలిపడి విప్పామా, ఇక అది జన్మలో లాగదు. నలభై రోజులు కళ్ళు మూసుకుంటే పందెం మనదే. వేలైనా అంతేగదండీ?"

"నీకు తెలియనిదేముంది," అన్నాడు మాస్టారు.

ఒంగోలు గిత్తల్ని తయారు చేసిన చేత్తోనే యేసుపాదం కూతురి వేలుని కూడా తయారు చెయ్యబోయాడు. వేరే ఊళ్ళో, వేరే పని చేసుకునే తండ్రైతే పిల్ల ఏడ్చిన రోజే విప్పేసేవాడు. ఇక్కడ ఏడుపే లెక్క. నురగ వస్తేనే గిత్త తయారవుతున్నట్టు. పశువుల పాకలో దూలం మీదుగా గోతాలు కుట్టే పురికొస వేశాడు. ఒక కొస ఫెబా ఉంగరపు వేలికి, రెండో కొస తూకపు రాయికి. మొదటి వారం అరకిలో. రెండో వారం కిలో. రాయి కిందికి లాగుతుంటే వేలు పైకి నిక్కి నిలబడేది. మిగతా నాలుగు వేళ్ళతో పిల్ల ఆ గీతల చెక్క మీద పొద్దున గంట, సాయంత్రం గంట వాయించేది. రెబ్కా చూడలేక యార్డుకి పోయేది. "ఆపవయ్యా, వేలు నల్లబడింది," అంటే, "నువ్వూరుకోయే, మాస్టారే చెప్పాక నీదేంది మధ్యలో?" అని కసిరేవాడు.

పాఠానికి వచ్చినప్పుడు మాస్టారు ఆ వేలు చూశాడు. వంకాయలా వాచి ఉంది. పురికొస ఒరిసి చర్మం చుట్టూ ఎర్రటి చారలు పడ్డాయి. మిరపకాయల ఘాటు ఆ చారల్లోకి దిగి మంటపెడుతుంటే ఆ పిల్ల వేలుని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది.

"నొప్పిగా ఉందా అమ్మాయ్?"

"ఉంది మాస్టారూ. నొప్పి వస్తందంటే బలం వస్తన్నట్టేనంట, నాన్న చెప్పాడు." అని నవ్వింది. "షూమన్ దొరకి కూడా ఇట్లాగే వాచిందా?"

"వాచే ఉంటుంది," అన్నాడు మాస్టారు. ఆ పూట పాఠం గంటంబావు చెప్పాడు. ఎప్పుడూ గంటే చెప్పేవాడు.

మూడో వారం కిలోన్నర కట్టారు. నాలుగో రోజు, పాకలో, వేలి మొదట్లో పుటుక్కుమన్నట్టయింది. నొప్పి ఒక్కసారిగా పోయింది. ఫెబా సంతోషపడి, "నాన్నా, కుదిరింది!" అని అరిచింది. కట్టు విప్పేసరికి వేలు కిందికి వాలిపోయింది. లెమ్మంటే లేవలేదు. పక్క వేలు కూడా మొద్దుబారింది.

ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఇంజక్షన్ వేశాడు. ఒంగోల్లో పెద్ద డాక్టరు సూదితో పొడిచి చూసి, నరమూ పోయింది, వేలిని లేపే లోపలి పట్టూ తెగింది, ఇన్నాళ్ళు ఏం చేశారని తిట్టి పంపాడు. యేసుపాదం బస్సు దిగి తిన్నగా మాస్టారింటికి వచ్చాడు. గుమ్మంలో కూలబడ్డాడు.

"మాస్టారూ, చదువుకున్నోళ్ళు మీరు. ఆ దొరకి వేలు పట్టేస్తే ఏం చేశాడు? ఏదో ఒకటి చేసే ఉంటాడు గదా? చెప్పండయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆ మాటకి మాస్టారి నోరు ఆయన్ని అడక్కుండానే కదిలింది. జాలే అనండి, భయమే అనండి. "అప్పుడే కోసిన జంతువు పొట్టలో, వేడి చల్లారకముందే, చెయ్యి పెట్టమన్నారట ఆయన్ని డాక్టర్లు," అన్నాడు. అది కూడా నిజమే. అనేశాక నాలుక కరుచుకున్నాడు. యేసుపాదం అప్పటికే లేచి పరిగెత్తాడు.

ఆదివారం తెల్లారగానే నజీర్ మాంసం కొట్టు దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. మాస్టారు రానన్నా యేసుపాదం వదల్లేదు. "మీరుంటేనే పిల్లకి ధైర్యం," అన్నాడు. నజీర్ కత్తి నూరుతూ విస్తుపోయాడు.

"పొట్టేలు పొట్టలో చెయ్యా? ముప్పై ఏళ్ళుగా రోజూ నా రెండు చేతులూ అందులోనే ఉంటయ్ గదయ్యా. మరి నాకు రాలేదేం పియానా?"

"నవ్వులాట కాదు నజీర్ భాయ్," అన్నాడు యేసుపాదం దీనంగా. "పిల్ల బతుకు."

నజీర్ ఇక నవ్వలేదు. బిస్మిల్లా అని కోశాడు. పొట్ట చీల్చి, "రా తల్లీ, తొందరగా," అన్నాడు. ఫెబా మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టింది. చలికాలపు పొద్దున ఆ పొట్టలోంచి ఆవిరి లేస్తోంది. పిల్లకి వాంతి వచ్చినంత పనైంది గానీ పళ్ళు బిగపట్టి నిలబడింది. కొట్టు ముందు ఆదివారం మాంసానికి వచ్చిన వాళ్ళు గిన్నెలు పట్టుకుని వింతగా చూస్తున్నారు. చెయ్యి కడగడానికి నీళ్ళు తెస్తానని యేసుపాదం బోరింగు దగ్గరికి పోయాడు.

అప్పుడు ఫెబా తల తిప్పకుండానే అడిగింది.

"మాస్టారూ, వేలు బాగుపడినోడికి వైద్యం దేనికి?"

మాస్టారు బోరింగు వైపు చూశాడు.

"అంటే ఆయనకీ పోయింది."

"...పోయింది."

"ఇట్లా పెడితే వచ్చిందా?"

"రాలేదు."

"మీకు ముందే తెలుసు."

ఇది ప్రశ్న కాదు గనక మాస్టారు జవాబు చెప్పనక్కర్లేకపోయింది. చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. ఫెబా చెయ్యి బయటికి తియ్యలేదు. నెత్తురు మోచేతి మీంచి కారి పాదం మీద పడుతోంది.

"ఆ తర్వాత ఏం చేశాడాయన? ఈసారి మొత్తం చెప్పండి."

మొత్తం చెప్పాడు. వాయించలేక, వాయించాల్సినవన్నీ రాశాడనీ, ప్రేమించిన అమ్మాయి క్లారా ఆయన కంటే గొప్పగా వాయించేదనీ, ఆమె తండ్రి మీద కోర్టుకెక్కి మరీ పెళ్ళాడాడనీ, ఆయన రాసినవి ఆమె వాయించేదనీ చెప్పాడు. చివరికి మతి చెడి నదిలో దూకితే జనం పైకి లాగారనీ, పిచ్చాసుపత్రిలో రెండేళ్ళకు పైగా ఉంటే, చనిపోయే రెండు రోజుల ముందు దాకా భార్యని చూడనివ్వలేదనీ, నలభై ఆరేళ్ళకే పోయాడనీ చెప్పాడు. ఆమె మాత్రం ఇంకో నలభై ఏళ్ళు నల్లబట్టలు కట్టుకుని ఊరూరా ఆయన బాణీలే వాయించిందట. బాల్చీతో యేసుపాదం రావడం కనిపించి, ఫెబా గొంతు తగ్గించింది.

"మా నాన్నకి తెలియకూడదు. రాయి కట్టింది ఆయన చేతులతో. తెలిస్తే దూలానికి ఆయన ఉరేసుకుంటాడు. కాబట్టి మీ సంగతి కూడా ఎవరికీ చెప్పను. భయపడకండి."

మాస్టారు భయపడనే లేదనుకున్నాడు. ఇంటికొచ్చాక చూసుకుంటే చొక్కా గుండీ ఊడి చేతిలో ఉంది.

ఫెబా మళ్ళీ యార్డుకి పోయింది. మిరపకాయ తొడిమ తియ్యడానికి చూపుడు వేలూ బొటనవేలూ ఉంటే చాలు. పెన్సిలు పట్టుకోవడానికి కూడా దాదాపు అంతే. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఆడవాళ్ళు గోతాల మీద నడుం వాల్చినప్పుడు, ఆ పిల్ల గీతల కాగితాల మీద స్వరాలు రాసుకునేది. నెల తిరక్కుండా కోతపండక్కి ఒక బాణీ కట్టింది. దాన్ని మాస్టారికి ఇవ్వలేదు. తిన్నగా పాస్టరుగారికిచ్చింది. ఆయన మురిసిపోయి గుడిలో చాటించాడు: "మన బిడ్డ ఫెబా, చెయ్యి పోయినా దేవుణ్ణి మహిమపరచడం ఆపలేదు. తాను కట్టిన బాణీని గురువుగారి చేతుల మీదుగా వినాలని కోరింది. పండగనాడు మాస్టారు వాయిస్తారు!" ఊరంతా చప్పట్లు. ప్రసన్నకుమార్ వచ్చి చెవిలో, "ఇక పోటీ లేదు గదండీ. ఇది చక్కగా వాయించండి, ఆ బల్ల మీకే," అన్నాడు.

మాస్టారు కాగితాలు ఇంటికి తీసుకుపోయి చూశాడు. మొదటి నాలుగు వరసలు చాలా అందంగా ఉన్నాయి. కళ్ళు చెమర్చేంత అందంగా. అయిదో వరస దగ్గర కాగితాన్ని దీపం దగ్గరికి జరుపుకున్నాడు. ఆయన కుడి చిటికెనవేలు మూడేళ్ళుగా సాగదు. అక్కడ అది సాగాలి. ఎడమ మణికట్టు లోపలికి తిరగదు. అక్కడ అది తిరగాలి. బొటనవేలి మొదట్లో కాయ కట్టిన చోట, సరిగ్గా అక్కడే, బరువంతా పడేలా స్వరాలు పేర్చింది. వేరే ఎవరికిచ్చినా అది మామూలు బాణీ. ఆ పిల్ల చేతిని ఆయన ఎంత చదివాడో, ఆయన చేతుల్ని ఆ పిల్ల అంతా చదివింది.

వారం రోజులు ప్రయత్నించాడు. వేడినీళ్ళ కాపడం పెట్టాడు, ఆముదం రాశాడు. కుదర్లేదు. శనివారం మధ్యాహ్నం యార్డుకి పోయాడు. ఘాటుకి దగ్గుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఎర్రటి కుప్పల మధ్య నిలబడ్డాడు.

"ఓయమ్మా, మాస్టారే! తొడిమలు తీస్తానికి వచ్చారా?" అంది పక్క కుప్ప దగ్గర కాయలు తీస్తున్న మాబూబీ, ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి. "రండి రండి, ముసలోళ్ళకి నీడలో చోటిస్తాం." ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు.

ఫెబా లేవలేదు. కాయలు గిల్లుతూనే ఉంది.

"అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "అయిదో వరసలో మూడు స్వరాలు తీసెయ్యమ్మా. నా చేతుల సంగతి నీకు తెలుసుగా."

"తెలుసు మాస్టారూ. అందుకే అక్కడ పెట్టా."

"ముసలాణ్ణి..."

"మీరే వదిలేసి వాయించండి. ఆ మూడూ లేకపోయినా మన వాళ్ళకెవరికీ తెలియదు. వదిలెయ్యడం మీకు కొత్తా?" మరో కాయ తీసి తొడిమ గిల్లింది. "కాకపోతే నేను ముందు వరసలో కూర్చుంటా."

కోతపండగనాడు గుడి నిండిపోయింది. గుమ్మడికాయలు, మిరప బస్తాలు, పత్తి మూటలు, కోళ్ళు, మొదటి పంటలన్నీ బలిపీఠం ముందు కుప్పపోశారు. యేసుపాదం అంకమ్మరావుగారిచ్చిన జొన్నల బస్తా మోసుకొచ్చి పెట్టి, కూతురి పక్కన గర్వంగా కూర్చున్నాడు. "మా అమ్మాయి కట్టిందే," అని వెనక వరస దాకా వినపడేట్టు చెబుతున్నాడు.

మాస్టారు వాయించడం మొదలుపెట్టాడు. నాలుగు వరసలు ఏరు పారినట్టు సాగాయి. కోళ్ళు కూడా కూతలు మానాయన్నారు తర్వాత. అయిదో వరస వచ్చింది. వదిలెయ్యొచ్చు. మూడంటే మూడు స్వరాలు. ఒక్కసారి తల తిప్పి చూశాడు. ఫెబా ఆయన ముఖం చూడటం లేదు. చేతులు చూస్తోంది. వాలిపోయిన తన వేలుని ఒళ్ళో రెండో చేత్తో పట్టుకుని, రెప్ప వాల్చకుండా చూస్తోంది.

ఆయన చేతులు ఆగిపోయాయి.

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. మూడోసారి బలవంతంగా చిటికెనవేలు చాచాడు. నొప్పి భుజం దాకా కొట్టింది. పియానోలోంచి కుక్కని తొక్కినట్టు ఒక చప్పుడొచ్చింది. వెనక ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు దగ్గారు. ప్రసన్నకుమార్ లేచి, "మాస్టారికి ఒంట్లో నలతగా ఉన్నట్టుంది. మనం పాడుకుందాం," అని చప్పట్లు అందుకున్నాడు. డోలక్ కలిసింది. ఊరు ఊరంతా గొంతెత్తి పాడింది. పియానో లేకుండానే ఆ ఏడు పాట ఎన్నడూ లేనంత బాగా వచ్చింది.

పాట అయింది, వాక్యం అయింది, కానుకల వేలం అయింది. ఒక్కొక్కరే బయటికి పోయారు. యేసుపాదం, "పాపం మాస్టారు," అనుకుంటూ జొన్నల గోతం సర్దడానికి లేచాడు. ఫెబా మాత్రం ముందు వరసలో అలాగే కూర్చుని ఉంది. బల్ల మీంచి లేచి గుమ్మం దాకా పోవాలంటే ఆ పిల్ల ముందు నుంచే నడవాలి. మాస్టారు పియానో మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆమె ఎప్పుడు లేస్తుందా అని కూర్చున్నాడు.